మూడు రోజుల మైల

మధిర,
9 జూన్ 2025

ప్రమీల అత్తయ్యకు పుష్పలత నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే కార్డు మీద రాయకుండా కవర్లో పెట్టి, అంచులకు మైదా జిగురు కూడా రాశాను. మీ పోస్టుమ్యాన్ రామన్న ఆవిరి పట్టినా ఊడిరాదు. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మా ఆయన ఒకటే నవ్వడం. మీ ఇప్పలగుంపులో బస్టాపు దగ్గర తప్ప సిగ్నల్ దొరకదని, అక్కడ నిలబడితే చర్ల బస్సు కోసం చూసేవాళ్లంతా చెవులు రిక్కిస్తారని చెప్పాను. ఇప్పుడు నేను రాసే సంగతి అందరి మధ్యా మాట్లాడేది కాదు.

ఏప్రిల్ నుంచి ఎడమ రొమ్ములో ఒకటే సలుపు. ఎవరికీ చెప్పలేదు. ఆవకాయ రోజులు, కారం పట్టించిన రోజులు, చెయ్యి నొప్పేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ కూర కలుపుతున్నా, బట్టలు మడతపెడుతున్నా చెయ్యి అటే పోయేది. సెలవులకు వచ్చిన లిఖిత కనిపెట్టేసి, ఖమ్మంలో తన కాలేజీ దగ్గరున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. మామోగ్రామ్ తీశారు. రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు కదా, ప్రాణం పోయింది. నీకు నేను చెప్పేదేముంది. గడ్డ ఏమీ లేదట, సలుపుకు మాత్రలిచ్చారు.

డాక్టరమ్మ బోలెడు ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు పెద్దమనిషివయ్యావు, మొదటి కాన్పు ఏ వయసులో, బిడ్డకు పాలిచ్చావా, మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని. మా పుట్టింట్లో ఎవరికీ లేదండీ అన్నాను. రక్తసంబంధంలో పెళ్లా అని కూడా అడిగింది. అలవాటుగా కాదనేశాను. లిఖిత కడుపులో ఉన్నప్పుడు మేనరికం అన్నందుకు ఇంకో డాక్టరమ్మ అందరి ముందూ పెట్టిన చీవాట్లు నీకు గుర్తున్నాయిగా. అప్పటినుంచి ఏ ఆస్పత్రిలో అడిగినా మాది బయటి సంబంధమే. అన్నీ విని, "నీకు రిస్కు తక్కువేనమ్మా, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చూపించుకో" అంది. బయటికొచ్చి లిఖితా నేనూ చెరో చెరుకురసం తాగాం. ఎన్ని వారాల తర్వాతో గొంతు దిగింది.

లిఖిత రేపు హాస్టల్‌కి వెళ్తుంది. ఇందాక మా అత్తగారి ఫొటో ముందు నిలబడి జడ వేసుకుంటోంది. అచ్చం ఆవిడ నుదురే, ఆవిడ జుట్టే. చూసి మురిసిపోయాను.

ఆవకాయ బస్సులో పంపాను. అందగానే నాలుగు ముక్కలు రాయి.

నీ మేనకోడలు,
పుష్ప

*

ఇప్పలగుంపు, పర్ణశాల మీదుగా,
17 జూన్ 2025

పుష్పా,

ఆవకాయ అందింది. ఉప్పు ఎక్కువైంది. ఉత్తరమూ అందింది. అది చదివి నాకొచ్చిన కోపానికి పక్కింటి జంపక్క కోళ్లు కూడా మా గుమ్మం ఎక్కలేదు.

పుట్టింట్లో ఎవరికీ లేదా? మీ నాన్న తోడబుట్టినవాళ్లం ఇద్దరం. మా అక్క నాగలక్ష్మి నలభై ఆరేళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. నాలుగేళ్ల క్రితం నాకూ అదే వచ్చి కుడివైపు తీసేశారు. ఆస్పత్రికి ఫ్లాస్కులో జావ తెచ్చిపెట్టింది నువ్వే కదా. మరి మేమిద్దరం ఎవరం? గోదావరిలో కొట్టుకొచ్చామా?

నీ బుర్రలో లెక్క నాకు తెలుసులే. అక్కకు పెళ్లయి ఇంటిపేరు మారింది, పైగా నీకు అత్తగారైంది. కాబట్టి ఆవిడ నీ అత్తింటి మనిషి. నాకూ ఇంటిపేరు మారింది, నేను మీ మామయ్య వాళ్ల మనిషిని. ఇక పుట్టింట్లో మిగిలిందెవరు, మీ నాన్న, మీ అమ్మ. వాళ్లిద్దరూ గుండ్రాళ్లలా ఉన్నారు. అలా తీసేసుకుంటూ పోయావు.

అక్క పోయినప్పుడు మీ నాన్న మూడు రోజుల మైల పట్టి, నాలుగో రోజు తలస్నానం చేసి మిర్చి కాటా దగ్గరికి వెళ్లాడు. పెళ్లైన ఆడపిల్లకు పుట్టింటివాళ్ల మైల అంతే. ఆచారం, నేనేమీ అనలేదు. కానీ రక్తంలో వచ్చే జబ్బు ఇంటిపేరు చూసి ఆగదు పుష్పా. మా అమ్మానాన్నల్లో ఎవరి దగ్గరైనా ఆ లోపం ఉండి ఉంటే మా ముగ్గురిలో ఎవరికైనా రావచ్చు. మీ నాన్నకు వచ్చినా ఆయనకు జీవితమంతా ఏమీ కాకపోవచ్చు. ఆయన నుంచి నీకు రావచ్చు. అమ్మ వైపు ఎంత లెక్కలోకి వస్తుందో నాన్న వైపూ అంతే వస్తుంది. నాకు ఈ సంగతి కీమో ఎక్కించుకునేటప్పుడు పక్క మంచం ఆవిడ చెబితేనే తెలిసింది, అది వేరే విషయం.

నువ్వు తప్పు జవాబు చెప్పావు కాబట్టి ఆవిడ ఇచ్చిన ధైర్యం చెల్లదు. మళ్లీ వెళ్లు. ఇద్దరు మేనత్తలకు వచ్చింది, ఒకావిడకు చిన్న వయసులోనే వచ్చింది అని నోరు తెరిచి చెప్పు. మీ ఆయన వెంకటేశ్వరరావును వెంటబెట్టుకుని వెళ్లు.

ఇక్కడ తొలకరి పడింది. జంపక్క ఇంటివాళ్లంతా పత్తి గింజలు పెడుతున్నారు. నేను అరుగు మీద కూర్చుని వాళ్ల పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను.

కోపం తగ్గని మీ అత్తయ్య,
ప్రమీలారాణి

*

మధిర,
26 జూన్ 2025

అత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. గడ్డ లేదన్నారని సంబరంగా రాస్తే నువ్వు నన్ను నిలబెట్టి చెంప వాయించినట్టు రాశావు. నీ కోపం నాకు తెలుసు, కానీ ఇది వేరు. చదువుతుంటే నాకూ వచ్చి తీరుతుందని నువ్వు రాసిచ్చినట్టు అనిపించింది. నీకు ఇదంతా ముందే తెలుసు కదా, నాలుగేళ్లుగా ఎందుకు చెప్పలేదు?

ఆయనకు చూపించాను. ఆయన ఫోన్‌లో వెతికి, ఎనిమిది మంది ఆడవాళ్లలో ఒకరికి వస్తుందట అని చదివారు. ఆ తర్వాత మన రెండిళ్లలో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టి, "మన వంతుకు ఇద్దరికి వచ్చేసింది, ఇంకెవరికీ రాదు, వదిలేయ్" అన్నారు. నవ్వకు. నాకు ఆ లెక్కే నమ్మాలని ఉంది. పొద్దున్నే లేచి ఆ లెక్కే ఒకసారి మనసులో చెప్పుకుని స్టవ్ వెలిగిస్తున్నాను.

నాన్నకు చెప్పడం నా తప్పు. "నా నుంచి ఎట్లా వస్తుందే? మగాడికి రొమ్ము జబ్బు ఏంది?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మాతో కలిసి తినడం లేదు. కంచం వరండాలోకి తెప్పించుకుంటున్నాడు. నేను ఆయన మీద ఏదో నేరం మోపినట్టు చూస్తున్నాడు.

నేను ఒకటి నిశ్చయించుకున్నాను. రెండూ తీయించేసుకుంటాను. ఉంటేనే కదా భయం. లిఖిత ఆదివారం వచ్చి తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడిపోయాను. అందరూ నాగలక్ష్మి పోలిక, నాగలక్ష్మి పోలిక అంటుంటే ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఇప్పుడు ఆ పోలిక చూడలేక మొహం తిప్పుకున్నాను. అది ఏమైందమ్మా అంది. కళ్లలో పొగ పడిందన్నాను. మా ఇంట్లో గ్యాసు పొయ్యి కదా, దానికి తెలియదా.

ఇంకేం రాయను.

పుష్ప

*

ఇప్పలగుంపు,
5 జూలై 2025

పుష్పా, నా తల్లీ,

ముందు కత్తుల సంగతి పక్కన పెట్టు. ఇంకా ఏ పరీక్షా కాలేదు, నువ్వు అప్పుడే ఆపరేషన్ బల్ల ఎక్కేశావు. తీయించుకోవడం కొంతమందికి మంచిదే. కానీ అది అన్నీ తెలిసిన తర్వాత, డాక్టర్లతో కూర్చుని నెలల తరబడి ఆలోచించుకునే పని. భయం వేసిన రోజున చేసే పని కాదు.

వెంకటేశ్వరరావుకు నేను ఆరో తరగతిలో లెక్కలు చెప్పి ఉంటే బాగుండేది. ఆ ఎనిమిది మందిలో ఒకరు అన్న లెక్క అమెరికా వాళ్లది, అదీ ముసలితనం దాకా బతికితే వచ్చే లెక్క. మన దగ్గర అంతకంటే తక్కువే. అయినా అది రేషన్ కోటా కాదు, ఇద్దరికి ఇచ్చేశాం, మిగతావాళ్లు ఇళ్లకు పొండి అనడానికి. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే మిగతావాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలని అర్థం. అలాగని వచ్చి తీరుతుందనీ కాదు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు. రిస్కు అంటే జాతకం కాదమ్మా. ఎంత జాగ్రత్త పడాలో చెప్పే కొలత, అంతే. మీ నాన్నకు కూడా చెప్పు, ఇందులో ఇచ్చినవాడి తప్పు ఏమీ ఉండదని. ఆయనా ఎవరి దగ్గరో తీసుకున్నవాడే.

ఎందుకు చెప్పలేదని అడిగావు. ఆపరేషన్ అయ్యాక హైదరాబాదు డాక్టర్లు, రక్తం ఇవ్వండి, ఇది వంశంలో వచ్చిందో కాదో చూద్దాం, మీ ఇంట్లో పిల్లలకు ఉపయోగం అన్నారు. నేను వద్దన్నాను. ఇంటికొచ్చి బీరువా అద్దం మీద తువ్వాలు కప్పాను. ఈ రోజుకీ అది అలాగే ఉంది. ఆ మచ్చ నేనే సరిగ్గా చూసుకోలేదు, ఇంకెవరూ చూడలేదు. అది నా ఒక్కదాని జబ్బు, నాతో వచ్చింది, నాతో పోతుంది అనుకుంటే నిద్ర పట్టేది. రక్తం ఇచ్చి ఉందని తేలితే, నా తర్వాత ఎవరు అని మీ మొహాలు చూస్తూ కూర్చోవాలి. అది నా వల్ల కాలేదు. ఇప్పుడూ కాదు. ఆ ఒక్కటీ నన్ను అడగకు.

ఎడతెరిపి లేని వాన. అన్నం మానకు.

మీ అత్తయ్య,
ప్రమీల

*

మధిర,
6 జూలై 2025

అత్తయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, తప్పు చెప్పానండీ, మా మేనత్తలిద్దరికీ వచ్చింది, ఒకావిడ నలభై ఆరుకే పోయింది అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. హైదరాబాదులో ఇలాంటివి చూసే డాక్టరు పేరు రాసిచ్చి, ముందు నా రక్తం కాదు, జబ్బు వచ్చిన మనిషి రక్తం చూడాలని చెప్పింది. అందులో ఏ లోపం ఉందో దొరికితే, అదే లోపం మాలో ఉందో లేదో వెతుకుతారట. నేరుగా నాది చూస్తే, ఏమీ దొరక్కపోయినా నిజంగా లేనట్టో, వెతకాల్సిన చోట వెతకనట్టో తేలదట.

ఆయనకు ఈ ముక్క బాగానే అర్థమైంది. "లాట్ ఎట్లాంటిదో తెలియాలంటే ముందు చెడిన బస్తా కోసి చూడాలి" అన్నారు. మిర్చి యార్డు మనిషి కదా. పిన్నిని చెడిన బస్తా అన్నందుకు వెంటనే నాలిక కరుచుకున్నారు.

పెద్దత్తయ్య లేదు. ఉన్నది నువ్వే. నువ్వే రక్తం ఇవ్వాలి అత్తయ్యా. నా కోసం అడగడం లేదు. నాకు నలభై రెండు, ఏదోలా బతికాను. లిఖితకు పందొమ్మిదేళ్లు. దాని కోసం అడుగుతున్నాను.

నీ జవాబు కోసం రోజూ గేటు దగ్గరే ఉంటున్నాను.

పుష్ప

*

మధిర,
14 జూలై 2025

ప్రమీలారాణి గారికి,

మీ జవాబు అందింది. మీ వల్ల కాదని, ఆ ఒక్కటీ అడగవద్దని రాశారు. ఇక అడగను. లిఖిత పేరు ఎత్తి మరీ అడిగాను కాబట్టి, ఇంతకుమించి మా దగ్గర అడగడానికి ఏమీ లేదు. అద్దం మీద తువ్వాలు కప్పుకున్నట్టు మా మీద కూడా ఒకటి కప్పేసుకోండి.

ఆరోగ్యం జాగ్రత్త.

పుష్పలత

*

భద్రాచలం బస్టాండు,
2 ఆగస్టు 2025

పుష్పా,

వాగు పొంగి రోడ్డు మునిగింది. బస్సు లేదు, పోస్టు లేదు. నీళ్లు తీశాక నిన్న రామన్న సైకిల్ భుజాన వేసుకుని వచ్చి నీ ఉత్తరాలు రెండూ కలిపి చేతిలో పెట్టాడు. తేదీ చూసుకోకుండా రెండోదే ముందు విప్పాను. "ప్రమీలారాణి గారికి" అని ఉంది. నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి "మీరు" అని రాశావు. అరుగు మీద కూలబడ్డాను. జంపక్క ఎవరో పోయారనుకుని పరుగున వచ్చింది.

తర్వాత మొదటిది చదివాను. నేను ఆ ముక్క రాసింది జూలై అయిదున, నువ్వు అడిగింది ఆరున. నువ్వు అడిగినదానికి అది జవాబు కాదు పుష్పా. నువ్వు అడుగుతావని తెలియక, ఎప్పటినుంచో నాలో నేను అనుకుంటున్నది రాశాను. అయినా నీ కోపంలో తప్పు లేదు. నువ్వు అడిగిన తర్వాత అయినా నేను వెంటనే సరే అనేదాన్ని కాదు. సాయంత్రం దాకా ఆ రెండు ఉత్తరాలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

జంపక్క ఏమైందో అడిగితే చెప్పాను. ఊళ్లో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది. గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నాను కదా ఇక్కడ. ఆమె "గింత నెత్తురు ఇయ్యనీకి గింత సోచాయింపు ఏంది టీచరమ్మా? పొద్దుగాల బస్సు వస్తది, నేను గూడ వస్త" అంది.

ఈ ఉత్తరం భద్రాచలం బస్టాండులో రాస్తున్నాను. హైదరాబాదు బస్సుకు ఇంకా టైముంది. జంపక్క పక్కన కూర్చుని ఇడ్లీ బాగాలేదని హోటలతన్ని తిడుతోంది. కీమోకు వెళ్లినప్పుడు కూడా ఇంత భయపడలేదు. అప్పుడు నా ఒక్కదాని గురించే కదా.

ఇంకెప్పుడూ "మీరు" అనకు.

అత్తయ్య

*

ఇప్పలగుంపు,
4 సెప్టెంబర్ 2025

పుష్పా,

ఉంది.

నిన్న బస్టాపు దగ్గర నిలబడి ఫోన్‌లో విన్నాను. బి.ఆర్.సి.ఎ. అనే జన్యువులో లోపం. ఇది ఉన్న ఆడవాళ్లు వందమందిలో అరవై డెబ్బై మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుందట. అండాశయాలకూ రావచ్చట, నన్ను వాటి సంగతి కూడా చూపించుకోమన్నారు. మా అక్కకూ ఇదే ఉండి ఉంటుందని వాళ్ల అంచనా.

మీ నాన్నకు ఉండే అవకాశం సగం. ఆయనకు ఉంటే నీకు సగం. నువ్వు ఇప్పుడు నేరుగా రక్తం ఇవ్వొచ్చు, ఏం వెతకాలో వాళ్లకు తెలిసింది. కాగితం లిఖిత ఫోన్‌కు పంపించమన్నాను.

ఇంకా ఏదో ధైర్యం చెప్పాలని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. నాకే లేదు. ఏ వార్త అయినా నాకు నువ్వే రాయి, ఇంకొకరి చేత చెప్పించకు.

అత్తయ్య

*

మధిర,
10 అక్టోబర్ 2025

అత్తయ్యా, అత్తయ్యా,

లేదు. నాకు లేదు.

హైదరాబాదు నుంచి లిఖితకు కాగితం వచ్చింది. అది క్లాసులోంచి బయటికొచ్చి ఫోన్ చేసింది. నేను వినబడట్లేదే, మళ్లీ చెప్పవే అంటూ నాలుగుసార్లు చెప్పించుకున్నాను. నాన్న పక్కనే ఉన్నాడు. లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, "అన్నం పెట్టమ్మా" అన్నాడు. జూన్ తర్వాత ఆయన మాతో కలిసి తిన్నది ఇవాళే. పప్పు మాడింది. అయినా గిన్నె ఖాళీ అయింది.

నాకు లేనిది నా నుంచి లిఖితకు రాదు కదా. నా బిడ్డ బయటపడింది. మా ఆయన యార్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచారట, ఎందుకో మాత్రం చెప్పలేదట. నేను చెప్పానా, వదిలేయమన్నానా అని ఇంట్లో ఒకటే గొప్పలు.

ఇదంతా నీ రక్తం పుణ్యమే. నీకు ఉందని తేల్చుకుని మరీ మాకు ఈ సంతోషం ఇచ్చావు. నేను నిన్ను "మీరు" అన్న రోజు గుర్తొచ్చి ఎన్నిసార్లు ఏడ్చానో. దీపావళి వెళ్లాక నీ దగ్గరికి వచ్చి నాలుగు రోజులు ఉంటాను.

నీ పుష్ప

*

ఇప్పలగుంపు,
18 అక్టోబర్ 2025

పుష్పా,

నీ ఉత్తరం చదివి జంపక్కను కూర్చోబెట్టి బెల్లం పెట్టాను. నీకు లేదు. అదొక్కటి చాలు అనుకుని ఆ రోజు గడిపాను. నీకు ఇక మామూలు ఆడవాళ్లకు ఉండే రిస్కే. అలాగని పరీక్షలు మానకు.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను. తెల్లారి, నీ ఉత్తరాలన్నీ మొదటినుంచీ చదువుకుందామని తీశాను. జూన్‌లో నువ్వు రాసిన దాంట్లో ఒక ముక్క ఉంది. ఏ ఆస్పత్రిలో అడిగినా మాది బయటి సంబంధమే అని. అప్పుడు నా కోపంలో నేను దాన్ని దాటేశాను. హైదరాబాదులో కూడా అదే చెప్పావా? చెప్పే ఉంటావు. లేకపోతే వాళ్లు వెంకటేశ్వరరావును వదిలి ఉండరు.

వాడు మా అక్క కొడుకు, పుష్పా.

నాకు ఉన్నదే అక్కకూ ఉందనుకుంటే, వాడికి సగం అవకాశం. వాడికి ఉంటే లిఖితకు సగం. నీ నుంచి రాదని తేలింది, అంతే. మా అమ్మానాన్నల రక్తం లిఖితకు రెండు వైపుల నుంచీ వస్తుంది. మీ నాన్న నుంచి నీ ద్వారా ఒకటి, మా అక్క నుంచి వాడి ద్వారా ఒకటి. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు కూడా మొన్నటిదాకా వాడు మీ ఇంటి అల్లుడుగానే కనిపించాడు. అక్కను పుట్టింటి లెక్కలోంచి తీసేశావని నిన్ను తిట్టాను. నేను అక్క కొడుకును తీసేశాను.

సంతోషంగా ఉన్న ఇంట్లోకి ఈ ఉత్తరం పంపుతున్నందుకు నన్ను తిట్టుకో. పండగ దాటాకే చేరుతుందని ఇవాళ పోస్టు చేస్తున్నాను. వాడికి ఇవ్వు. నువ్వు చదివి చెప్పకు, వాడినే చదవనివ్వు. వెళ్లినప్పుడు మేనరికమని చెప్పండి. ఎవరైనా చీవాట్లు పెడితే పెట్టనీ.

అత్తయ్య

*

మధిర,
29 నవంబర్ 2025

అత్తయ్యా,

ఇన్నాళ్లు రాయనందుకు ఏమీ అనుకోకు. అన్నీ తేలాక రాద్దామని ఆగాను.

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. పొయ్యి ఆపి వచ్చి చూశాను. పెద్దత్తయ్య ఫొటో కింద నిలబడి ఉన్నారు. "అమ్మ చివరి రోజుల్లో గదిలోకి నేను పోలేదు పుష్పా. ఆ పుండు వాసనకు భయపడి పోలేదు. ఇప్పుడన్నా పోతాను" అన్నారు. మరునాడే శాతవాహన రైలెక్కి హైదరాబాదు వెళ్లాం. మేనరికమని ఆయనే చెప్పారు. వాళ్లు ఏమీ అనలేదు. ముందే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అన్నారు. ఆ చీవాట్లకు భయపడి పంతొమ్మిదేళ్లు అబద్ధమాడాను.

ఆయనకు ఉంది.

మగవాళ్లకు కూడా అరుదుగా రొమ్ముకు వస్తుందట. ప్రొస్టేటు సంగతి కూడా చూసుకోమన్నారు. ఆయన అదేమీ వినలేదు. తలుపు దాటగానే, "నాకు రావాల్సింది అమ్మాయికి ఇచ్చానేమో" అన్నారు. నువ్వు మా నాన్నకు చెప్పమన్న మాటే చెప్పాను, ఇచ్చినవాడి తప్పు ఉండదని. చెబుతుంటే నా గొంతు నాకే పరాయిదిలా ఉంది. నాకు లేదు అత్తయ్యా. మొగుడికి ఉంది, నీకు ఉంది, బిడ్డకు ఉందో లేదో తెలియదు, నాకు మాత్రం లేదు. ఒక్కదాన్నే గట్టున నిలబడ్డట్టుంది.

లిఖితకు మేమిద్దరం కూర్చుని చెప్పాం. అంతా విని, మాతో హైదరాబాదు వచ్చి ఆ డాక్టర్లను చాలా ప్రశ్నలు అడిగింది. రక్తం ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎప్పుడు అన్నది తన ఇష్టమేనట. ఉందని తేలినా ఇరవై అయిదేళ్ల వయసు నుంచి ఏటేటా పరీక్షలు, ముందుగా పట్టుకునే దారులు ఉన్నాయట. వాళ్లు చెప్పినవి రాసుకుంది. ఏడవలేదు. నానమ్మ పోలిక వల్లనా అని అడిగాను నేను, బుద్ధిలేక. పోలికకూ దీనికీ సంబంధం లేదట, నుదురు వేరు, ఇది వేరు అని అదే నాకు చెప్పింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు గదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. మూడో రోజు నా దగ్గరికి వచ్చి, "చిన్న నానమ్మ దగ్గరికి వెళ్తానమ్మా. ఆపరేషన్ అయిన చోటు ఎలా ఉంటుందో చూడాలి. చూడకపోతే రోజూ ఏదేదో ఊహించుకుంటున్నాను" అంది. నేను తిట్టబోయి ఆగాను. అలాంటివి ఎవరైనా అడుగుతారా అనాలనుకున్నాను. కానీ నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ చూడలేదు. జావ ఇచ్చి గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

నీకు ఇష్టం లేకపోతే లేదను. అది అర్థం చేసుకుంటుంది. నువ్వు సరే అంటే పదమూడో తారీకు శనివారం పంపిస్తాను. నేను రాను. అది ఒక్కతే వస్తానంటోంది.

పుష్ప

*

పోస్టుకార్డు

ఇప్పలగుంపు,
6 డిసెంబర్ 2025

పుష్పా,

కవర్లు అయిపోలేదు. కావాలనే కార్డు మీద రాస్తున్నాను. రామన్నా, నువ్వు ఎలాగూ చదువుతావు, చదువు. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, గర్భసంచి కాదు. మీ ఆవిడకు, మీ అక్కచెల్లెళ్లకు చెప్పు, మీ రెండు వైపులా ఎవరికైనా వచ్చిందేమో అడిగి తెలుసుకోమను.

పుష్పా, లిఖితను పంపించు. భద్రాచలం బస్టాండుకు నేనూ జంపక్కా వస్తాం. అద్దం మీది తువ్వాలు ఇవాళ తీసి ఉతికి ఆరేశాను. మచ్చ అనుకున్నంత లేదు. ముందు నేను ఒకసారి చూసుకున్నాను, దానికి చూపించాలి కదా.

అత్తయ్య